వాతావరణ దౌత్యం, ముప్పు ముంగిట మనుషులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వాతావరణ మార్పుపై దేశాల మధ్య జరిగే చర్చల గురించి, వాతావరణ మార్పుకు అందరికంటే ముందుగా దెబ్బతినే ప్రజలకు ఆ చర్చల వల్ల ఒరిగేదేమిటన్న దాని గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే భావం ఉన్న ప్రశ్నలను కలిపి ఒకటిగా తీసుకున్నాం.

ప్రశ్న: ఏటా వేలాది ప్రతినిధులు ఒక నగరంలో చేరి, రెండు వారాలు వాదించుకుని, ఒక పత్రం ప్రకటించి వెళ్లిపోతారు. ఆ పత్రంలోని మాటలు తుపానులో ఇల్లు పోగొట్టుకున్న మనిషిని ఎలా ఆదుకుంటాయి? ఒక్కో మాట మీద అంత పట్టుదల దేనికి?

జవాబు: ఆ పట్టుదల దేనికో ఒక సంఘటన చూస్తే అర్థమవుతుంది. 2015 డిసెంబరు 12న ప్యారిస్ ఒప్పందం తుది ప్రతి ప్రతినిధుల చేతికి వచ్చింది. ఉద్గారాల తగ్గింపులో సంపన్న దేశాలు ముందుండాలని, తమ ఆర్థిక వ్యవస్థ మొత్తానికి వర్తించే లక్ష్యాలు పెట్టుకోవాలని నాలుగో అధికరణం నాలుగో పేరా చెబుతుంది. ఆ వాక్యంలో ఆంగ్ల క్రియ ‘షల్’ అని పడి ఉంది. ఒప్పందాల భాషలో ‘షల్’ అంటే తప్పించుకోలేని చట్టపరమైన బాధ్యత, ‘షుడ్’ అంటే చేయడం సముచితమన్న సూచన. ‘షల్’ ఉంటే ఒప్పందాన్ని సెనేట్ ఆమోదానికి పంపాల్సి వస్తుందని, అక్కడ అది గట్టెక్కదని అమెరికా బృందం పట్టుబట్టింది. అందరూ ఎదురుచూస్తున్న ముగింపు సమావేశం చాలాసేపు మొదలు కాలేదు. చివరికి సచివాలయ అధికారి అచ్చుతప్పుల సవరణల జాబితా చదువుతూ, విరామ చిహ్నాల దిద్దుబాట్లతో పాటే, ‘షల్’ బదులు ‘షుడ్’ అన్న మార్పునూ చదివారు. అధ్యక్ష స్థానంలో ఉన్న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి లారెన్ ఫాబియూస్ ఆ వెంటనే సుత్తి కొట్టి ఒప్పందం ఆమోదం పొందినట్టు ప్రకటించారు. ప్రపంచంలో అత్యధికంగా ఉద్గారాలు వెలువరించిన దేశాల బాధ్యత ఒక క్రియాపదం మార్పుతో సూచనగా మారిపోయింది.

ఈ చర్చల్లో నిర్ణయాలు ఓటు మీద జరగవు. 1992లో రియోలో వాతావరణ మార్పు ఒడంబడిక సంతకాలకు సిద్ధమైన తరువాత దాని అమలుకు సమావేశ నియమావళి రూపొందించారు కానీ, ఓటింగుకు సంబంధించిన నియమంపై ఏకాభిప్రాయం కుదరక నేటికీ దాన్ని లాంఛనంగా ఆమోదించలేదు. కాబట్టి అందరూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. చర్చలు నత్తనడకన సాగడానికి ఇదే ప్రధాన కారణం. అయితే పదకొండు వేల జనాభా ఉన్న పసిఫిక్ ద్వీప దేశం తువాలు మాటను వందల కోట్ల జనాభా ఉన్న దేశాలు వినక తప్పని పరిస్థితి కూడా ఈ పద్ధతి వల్లే ఏర్పడింది. భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీల సెల్సియస్‌కు పరిమితం చేయడానికి ప్రయత్నించాలన్న మాట ప్యారిస్ ఒప్పందం రెండో అధికరణంలోకి ఎక్కిందంటే, దాని వెనుక చిన్న ద్వీప దేశాలు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. అప్పటివరకు పెద్ద దేశాలు 2 డిగ్రీల లెక్కతోనే సరిపెట్టుకున్నాయి. ఈ రెండింటి మధ్య తేడా అరడిగ్రీయే కదా అనిపించవచ్చు, కానీ పగడపు దీవుల మీద బతికేవారికి ఊరు ఉండడానికీ ఊడ్చుకుపోవడానికీ మధ్య ఉన్న తేడా అదే. 2024వ సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క కట్టింది. ఒప్పందంలోని పరిమితిని ఒక్క ఏడాదితో కాక దీర్ఘకాలపు సగటుతో కొలుస్తారు కాబట్టి లక్ష్యం చేజారిందని ఇప్పుడే అనలేము. ఆ దారిలో ఎంత దూరం వచ్చేశామో మాత్రం ఈ అంకె చూపిస్తోంది.

ప్రశ్న: వాతావరణ ‘నష్టపరిహార నిధి’ ఏర్పడిందని పత్రికల్లో చదివాము. మరి వరదలకు, తుపానులకు దెబ్బతిన్న పేద దేశాలు ఇంకా అప్పుల కోసమే ఎందుకు తిరుగుతున్నాయి?

జవాబు: ముందు ఆ పేరు సరిచేసుకుందాం. తెలుగు పత్రికలు సౌలభ్యం కోసం వాడుతున్న ‘నష్టపరిహారం’ అన్న మాటనే సంపన్న దేశాలు పట్టుబట్టి పత్రాల్లోకి రానివ్వలేదు. ప్యారిస్ ఒప్పందం ఎనిమిదో అధికరణం వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టాన్ని, విధ్వంసాన్ని గుర్తిస్తుంది. ఒప్పందంతో పాటు ఆమోదించిన నిర్ణయ పత్రం 51వ పేరా మాత్రం ఆ అధికరణం ఎవరి బాధ్యతకూ, పరిహారానికీ ఆధారం కాదని తేల్చి చెప్పింది. పరిహారమంటే తప్పు చేసినవారు చెల్లించి తీరవలసినది. ఇప్పుడున్న నిధిలో చేరేది ఇష్టమున్నవారు ఇష్టమున్నంత ఇచ్చే సొమ్ము. ఈ తేడాను మరుగుపరచకుండా చెప్పడం పత్రికల బాధ్యత అని నా నమ్మకం.

ఈ నిధి వెనుక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1991లోనే, రియో ఒడంబడిక ముసాయిదా దశలో ఉండగానే, సముద్రమట్టం పెరగడం వల్ల మునిగే ప్రాంతాలకు సంపన్న దేశాల సొమ్ముతో ఒక బీమా ఏర్పాటు చేయాలని చిన్న ద్వీప దేశాల కూటమి తరఫున వనువాటు ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టారు. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో ఆరు వేల మందికి పైగా ప్రాణాలు తీసిన కొద్ది రోజులకే వార్సాలో సదస్సు మొదలైంది. ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సానో తన ప్రసంగంలో కన్నీళ్లు ఆపుకోలేకపోయారు, సదస్సులో అర్థవంతమైన ఫలితం వచ్చేదాకా ఉపవాసం ఉంటానని ప్రకటించారు. ఆ సదస్సు ఒక యంత్రాంగాన్ని ఏర్పాటు చేసింది తప్ప దానికి సొమ్ము ఇవ్వలేదు. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో నిధి పెట్టాలని నిర్ణయించారు, 2023లో దుబాయ్ సదస్సు మొదటి రోజునే దాన్ని అమలులోకి తెచ్చారు.

ఆ సదస్సు ముగిసేనాటికి వాగ్దానాలు సుమారు 70 కోట్ల డాలర్లకు చేరాయి. 2022లో పాకిస్తాన్‌ను ముంచెత్తిన వరదలు ఒక్కటే 1,700 మందికి పైగా ప్రాణాలు తీసి, 3.3 కోట్ల మందిని దెబ్బతీసి, ఆస్తి నష్టం, ఆర్థిక నష్టం కలిపి దాదాపు 3,000 కోట్ల డాలర్ల మేర నష్టం మిగిల్చాయి. ప్రపంచమంతా కలిసి నిధిలో వేస్తామన్న సొమ్ము ఒక దేశంలో ఒక వర్షాకాలపు నష్టంలో రెండున్నర శాతం కూడా లేదు. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

సొమ్ము ఏ రూపంలో వస్తుందన్నది కూడా ముఖ్యమే. సంపన్న దేశాలు 2020 నుంచి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో మాట ఇచ్చాయి. ఆ మొత్తం 2022లో గాని చేరలేదు, చేరిన ప్రభుత్వ నిధుల్లో కూడా ఎక్కువ భాగం రుణాలే. వరదలో పంటా పశువులూ పోగొట్టుకున్న దేశం ఇళ్లు కట్టుకోవడానికి అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి ఆసుపత్రుల ఖర్చు తగ్గించుకుంటే, తన తప్పు లేని నష్టానికి ఆ దేశ ప్రజలే రెండుసార్లు చెల్లించినట్టవుతుంది. 2024 నవంబరులో బాకు సదస్సు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లన్న కొత్త లక్ష్యం పెట్టింది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు ప్రభుత్వ, ప్రైవేటు వనరులన్నిటి నుంచీ అందే సొమ్మును 2035 నాటికి ఏటా కనీసం 1.3 లక్షల కోట్ల డాలర్లకు పెంచాలని అదే పత్రం పిలుపునిచ్చింది. సుత్తి దెబ్బ పడిన తరువాత భారత ప్రతినిధి లేచి, తమకు మాట్లాడే అవకాశం ఇవ్వకుండానే నిర్ణయం ప్రకటించారని ఆక్షేపించడం ఆ రాత్రి చర్చలను గమనించినవారికి గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: వాతావరణ మార్పును భద్రతా మండలి చర్చించడానికి వీలు కల్పించే తీర్మానాన్ని 2021లో భారతదేశం వ్యతిరేకించిందని తెలిసి బాధ కలిగింది. బలహీనుల ప్రాణాలకు సంబంధించిన విషయం భద్రత కాదా?

జవాబు: మీ బాధ అర్థమైంది. అయితే ఇందులో రెండు వైపులా బలమైన వాదన ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఈ విషయాన్ని మొదటిసారి చర్చించింది 2007 ఏప్రిల్‌లో, బ్రిటన్ అధ్యక్షతన. అప్పుడే చాలా అభివృద్ధి చెందుతున్న దేశాలు, ఇది పదిహేను దేశాల మండలి తేల్చవలసిన విషయం కాదని అభ్యంతరం చెప్పాయి. 2009లో పసిఫిక్ ద్వీప దేశాల చొరవతో సర్వప్రతినిధి సభ, వాతావరణ మార్పు వల్ల భద్రతకు కలిగే పర్యవసానాలపై సమితి అంగాలన్నీ దృష్టి పెట్టాలని తీర్మానించింది. 2017లో చాద్ సరస్సు పరీవాహక ప్రాంతంపై చేసిన 2349వ తీర్మానంలో, ఆ ప్రాంత అస్థిరతకు ఇతర కారణాలతో పాటు వాతావరణ మార్పు కూడా కారణమని మండలి అంగీకరించింది. ఐర్లండ్, నైజర్ కలిసి ఈ అవగాహనను మండలి పనిలో స్థిరమైన భాగం చేయాలని ప్రతిపాదించిన తీర్మానం 2021 డిసెంబరు 13న ఓటుకు వచ్చింది. పన్నెండు దేశాలు సమర్థించాయి. చైనా ఓటింగుకు దూరంగా ఉంది. భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. రష్యా వీటోతో తీర్మానం వీగిపోయింది.

భారతదేశం చెప్పిన కారణాలను తేలికగా తీసిపారేయలేము. వాతావరణ ఒడంబడిక సమావేశాల్లో ప్రతి దేశానికీ స్థానం ఉంది. చరిత్రలో ఎవరు ఎంత కాలుష్యం వెదజల్లారన్న లెక్కను బట్టి బాధ్యతలు వేరువేరుగా ఉంటాయన్న సూత్రం అక్కడ ఉంది. భద్రతా మండలిలో ఆ సూత్రం లేదు, పైగా అత్యధిక ఉద్గారాల చరిత్ర ఉన్న దేశాల్లో కొన్ని అక్కడ వీటో చేతబట్టుకుని శాశ్వతంగా కూర్చున్నాయి. ఇచ్చిన మాట ప్రకారం సొమ్ము ఇవ్వని దేశాలే చర్చను తమకు అనుకూలమైన వేదికకు మార్చుకుంటాయన్న అనుమానం నిరాధారం కాదు.

నేను ఈ వాదనతో చాలా దూరం ఏకీభవిస్తాను, కానీ పూర్తిగా కాదు. మండలి దృష్టి పెట్టాలని అడిగినవారిలో మునిగిపోతున్న ద్వీపవాసులే ముందున్నారు. తీర్మానాన్ని ప్రతిపాదించిన నైజర్ సహారా ఎడారి అంచున ఉన్న సహేల్ ప్రాంతంలో కరవుతో, హింసతో నలుగుతున్న దేశం. ఆంక్షలు, సైన్యాలు తప్ప మండలి దగ్గర సాధనాలు లేవనడం కూడా సరికాదు. ఒక ప్రాంతానికి శాంతి దళం పంపేటప్పుడు అక్కడి నీటి ఎద్దడిని, పశువుల కాపరులకూ రైతులకూ మధ్య తగాదాలను ముందుగా అధ్యయనం చేయమని చెప్పడంలో ఏ దేశ సార్వభౌమత్వానికీ భంగం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ‘భద్రత’ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలు. 1994లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తన మానవాభివృద్ధి నివేదికలో మానవ భద్రత అన్న భావనను ముందుకు తెచ్చింది. దాని ప్రకారం భద్రత అంటే మనిషికి తిండి, నీరు, ఆరోగ్యం, ప్రాణరక్షణ ఉండడం. సరిహద్దులు కాపాడుకోవడం రాజ్యాలకు అలవాటైన రెండో అర్థం. మొదటి అర్థంలో కరవు వల్ల ఊరు విడిచిన కుటుంబానికి ఆసరా దొరకాలి, రెండో అర్థంలో అదే కుటుంబం సరిహద్దు దగ్గర ఒక ముప్పుగా కనిపిస్తుంది. సిరియా యుద్ధానికి ముందు వచ్చిన తీవ్రమైన కరవు గ్రామీణులను నగరాలకు తరిమిందన్నది నిజమే అయినా, యుద్ధానికి ఆ వలస ఎంత కారణమన్న దానిపై పరిశోధకుల మధ్య గట్టి విభేదాలున్నాయి. అంత సందేహం ఉన్న విషయాన్ని పట్టుకుని వలస వచ్చేవారంతా అశాంతి తెస్తారని చెప్పే నాయకులు చాలా దేశాల్లో ఉన్నారు. బాధితులను ముప్పుగా చిత్రించే భద్రతా వాదన ఎక్కడ వినిపించినా దాన్ని వ్యతిరేకించాలి. బాధితులకే భద్రత కావాలన్న వాదన ఏ వేదిక మీద వచ్చినా దాన్ని సమర్థించాలి. ఈ కొలతతో చూస్తే 2021 తీర్మానాన్ని ఓడించడం కంటే, అందులో బాధితుల భద్రత కోరే వాదనను బలపరిచే సవరణలు కోరడం మేలయిన దారి అయ్యేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ‘దుర్బల వర్గాలు’ అని మీరు పదేపదే రాస్తున్నారు. వారు పుట్టుకతో దుర్బలులా? ఆ మాట అవమానకరంగా లేదా?

జవాబు: మీ ఆక్షేపణ న్యాయమైనది. ఆంగ్లంలో ‘వల్నరబుల్’ అన్న మాటకు దెబ్బ తగిలే చోట ఉన్నవారన్న అర్థం ఉంది, మన ‘దుర్బలులు’ అన్న మాటలో శక్తి లేనివారన్న అర్థం ముందుకు వస్తుంది. ఇకపై వీలైనచోట ‘ముప్పు ముంగిట ఉన్నవారు’ అని రాస్తాను.

మాట మార్చితే సరిపోదు, ముప్పు ముంగిటికి వారిని ఎవరు నెట్టారో కూడా చూడాలి. 1970లో వచ్చిన భోలా తుపానులో, నేటి బంగ్లాదేశ్ తీరంలో మూడు లక్షలకు తక్కువ కాకుండా మనుషులు చనిపోయారు. 1991 తుపానులో సుమారు లక్షా నలభై వేల మంది చనిపోగా, వారిలో స్త్రీల సంఖ్య పురుషుల కంటే చాలా ఎక్కువ. గాలికి లింగభేదం లేదు. కానీ ఇంటి యజమాని వచ్చేదాకా కదలకూడదన్న కట్టుబాటు, పిల్లలనూ ముసలివారినీ వదలలేని బాధ్యత, మగవారితో కిక్కిరిసిన ఆశ్రయ కేంద్రానికి వెళ్లడానికి బిడియం, ఈత రాకపోవడం, ఒంటికి చుట్టుకుపోయే తడిచీర కలిసి వారిని నీటిపాలు చేశాయి. ఆ తరువాత జరిగిన మార్పును కూడా చెప్పాలి. అక్కడి ప్రభుత్వమూ, సహాయ సంస్థ రెడ్ క్రెసెంటూ కలిసి నడిపే తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. ప్రమాద స్థాయిని బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేస్తారు, మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఇంట్లోని ఆడవారితో నేరుగా మాట్లాడగలిగే మహిళా కార్యకర్తలను పెద్ద సంఖ్యలో చేర్చుకున్నారు. 2020లో ఆంఫన్ తుపానుకు ముందు 24 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఆ దేశంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. సముద్రం, తీరం అవే, అక్కడి మనుషులు ఇంకా పేదలే, అయినా లక్షల్లో ఉండే మరణాలు పదులకు తగ్గాయి. 2027 నాటికి భూమ్మీద ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ 2022లో పిలుపునిచ్చారు. ఇన్ని చర్చల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు కాపాడగల అంశం ఇదేనని నేను నమ్ముతాను.

ముప్పు పేద దేశాలకే పరిమితం కాదు. 2003 వేసవి వడగాలులకు యూరప్‌లో 70 వేల మందికి పైగా చనిపోయారని అంచనా, వారిలో అత్యధికులు వృద్ధులు. వేడి తమ ఆరోగ్యాన్ని, ప్రాణాన్ని తీస్తోందని స్విట్జర్లాండ్‌కు చెందిన వృద్ధ మహిళల సంఘం వేసిన వ్యాజ్యంలో, ఆ ప్రభుత్వం వారి హక్కును ఉల్లంఘించిందని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2024 ఏప్రిల్ 9న తీర్పు ఇచ్చింది.

ప్రశ్న: సముద్రం ఊరిని మింగేస్తే, ఆ ఊరివారు మరో దేశంలో శరణార్థులుగా ఆశ్రయం కోరవచ్చా?

జవాబు: 1951 శరణార్థుల ఒడంబడిక ప్రకారం కోరలేరు. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అన్న కారణాలతో హింసకు గురయ్యే భయం ఉన్నవారికే ఆ హోదా వర్తిస్తుంది, అందులో సముద్రానికి చోటు లేదు. కిరిబాటి నుంచి న్యూజిలాండ్ చేరిన ఒక వ్యక్తి ఈ ప్రశ్నను న్యాయస్థానాల దాకా తీసుకువెళ్లాడు. కిరిబాటిలోని దక్షిణ తరావాలో 1947లో 1,641గా ఉన్న జనాభా, చుట్టుపక్కల దీవులు నివాసయోగ్యం కాకపోవడంతో, 2010 నాటికి 50,000కు చేరింది. బావుల్లో ఉప్పునీరు ఊరుతోంది, నేల కోసం కొట్లాటలు జరుగుతున్నాయి. న్యూజిలాండ్ న్యాయస్థానాలు అతని అభ్యర్థనను తిరస్కరించాయి, 2015లో అతన్ని వెనక్కి పంపేశారు. సమితి మానవ హక్కుల కమిటీ కూడా, ఆ దీవికి ఇంకా పది పదిహేనేళ్ల వ్యవధి ఉందని, ఈలోగా రక్షణ చర్యలు తీసుకునే వీలుందని చెప్పి అతనికి అనుకూలంగా తేల్చలేదు. కానీ 2020 జనవరిలో వెలువడిన ఆ నిర్ణయంలోనే, వాతావరణ మార్పు వల్ల జీవించే హక్కుకు ప్రమాదం ఉన్న చోటికి మనిషిని పంపకూడని పరిస్థితి రావచ్చని మొదటిసారి అంగీకరించింది. అతను ఓడిపోయిన కేసు తరువాత వచ్చేవారికి ఆధారంగా మిగిలింది.

వాస్తవానికి వాతావరణ కారణాలతో కదిలేవారిలో అత్యధికులు సరిహద్దు దాటరు, సొంత దేశంలోనే మరో చోటికి వెళతారు. తగిన చర్యలు లేకపోతే 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్ల మంది దాకా ఇలా కదలవలసి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. 2009లో కంపాలాలో ఆఫ్రికా దేశాలు చేసుకున్న ఒడంబడిక, ప్రకృతి వైపరీత్యాల వల్ల దేశంలోపలే నిర్వాసితులైన వారికి కూడా రక్షణ కల్పిస్తుంది. ఇటువంటి ఒడంబడిక మిగతా ఖండాల్లో లేకపోవడం పెద్ద లోటు.

ప్రశ్న: ఒక దేశపు నేల మొత్తం మునిగిపోతే ఆ దేశం ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: తువాలు 2023లో తన రాజ్యాంగాన్ని సవరించుకుని, వాతావరణ మార్పు వల్ల భూభాగం పోయినా తమ రాజ్యం శాశ్వతంగా కొనసాగుతుందని రాసుకుంది. అదే ఏడాది ఆస్ట్రేలియాతో చేసుకున్న ఫాలెపిలి ఒప్పందం, ఏటా 280 మంది తువాలు పౌరులు అక్కడ స్థిరపడే దారి తెరుస్తూనే, సముద్రమట్టం పెరిగినా తువాలు రాజ్యత్వం కొనసాగుతుందని గుర్తించింది. ఒప్పందం 2024 ఆగస్టులో అమలులోకి వచ్చింది, మరుసటి ఏడాది మొదటి విడత ఎంపికకు ఆ దేశ జనాభాలో అత్యధికులు పేర్లు నమోదు చేసుకున్నారు.

పసిఫిక్ ప్రాంతంలోని న్యాయశాస్త్ర విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని వనువాటు ప్రభుత్వం భుజాన వేసుకుని సర్వప్రతినిధి సభ దాకా తెచ్చింది. 2023 మార్చిలో సభ కోరిక మేరకు అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలై 23న ఏకగ్రీవంగా అభిప్రాయం వెలువరించింది. వాతావరణ వ్యవస్థను కాపాడడం దేశాల చట్టపరమైన బాధ్యతని, దాన్ని ఉల్లంఘించి హాని చేసిన దేశం తగిన పరిస్థితుల్లో పరిహారం కూడా చెల్లించవలసి రావచ్చని చెప్పింది. ఒకసారి ఏర్పడిన రాజ్యం, దాని లక్షణాల్లో ఒకటి లోపించినంత మాత్రాన అంతరించిపోనవసరం లేదని కూడా అందులోనే ఉంది. ఇది సలహా మాత్రమే, తీర్పులా కట్టుబడేది కాదు. అయినా ప్యారిస్‌లో 51వ పేరాతో బయటికి నెట్టిన పరిహారమన్న మాట, పదేళ్లు తిరగకముందే ప్రపంచ న్యాయస్థానం కాగితాల మీదికి తిరిగి వచ్చింది. రాబోయే సదస్సుల్లో ద్వీప దేశాల ప్రతినిధులు ఆ కాగితాలను చేతబట్టుకునే చర్చలకు కూర్చుంటారు.